చెన్నైలో వీధి పార్కుకు సర్కారు వాటా రాబట్టడం ఎలా?

చందా పుస్తకం అచ్చు వేయించేశారా? ప్రస్తుతానికి దాన్ని బీరువాలో పెట్టి తాళం వేయండి. దానితో పని పడేది చాలా తర్వాత. వీధివాళ్ళంతా కలిసి పార్కునో, కార్పొరేషన్ బడి మరుగుదొడ్లనో బాగుచేయించుకుందామని బయల్దేరినప్పుడు ముందు డబ్బు పోగేస్తారు, తర్వాత కార్పొరేషన్ ఆఫీసుకు వెళ్తారు. అక్కడ లెక్క వేరేగా తేలుతుంది. మళ్ళీ ఇంటింటికీ తిరిగి "ఇంకో వెయ్యి ఇవ్వండి" అనడానికి ఎవరికీ మొహం చెల్లదు. పని అక్కడే ఆగిపోతుంది, పోగైన డబ్బు మీద తగువు మొదలవుతుంది. ప్రజలు కొంత, సర్కారు కొంత పెట్టే ఈ పథకంలో వరస సరిగ్గా ఉంటే పెద్ద కష్టమేమీ లేదు.

పథకం పేరు 'నమక్కు నామే తిట్టం', అంటే మనకు మనమే అని. తమిళంలో తిట్టం అంటే పథకం. మన తెలుగు తిట్లకీ దీనికీ సంబంధం లేదు, ఎస్టిమేటు సరిగ్గా వేయించుకోకపోతే మాత్రం ఏర్పడుతుంది. తమిళనాడు ప్రభుత్వం దీన్ని 1997-98లో మొదలుపెట్టింది. 2011లో ప్రభుత్వం మారాక 'తన్నిరైవు తిట్టం' అన్నారు, 2021లో మళ్ళీ పాత పేరు వచ్చింది. మీ వీధి పెద్దలు ఏ పేరుతో పిలిచినా ముఖ్యమైన సూత్రం ఒకటే: పని ఖర్చులో కనీసం మూడో వంతు ప్రజలు కట్టాలి, మిగతాది సర్కారు పెడుతుంది. ఆ మూడో వంతు ఒక్కరే ఇచ్చినా, వీధంతా కలిసి ఇచ్చినా, దగ్గర్లోని కంపెనీ ఇచ్చినా ఫరవాలేదు.

మూడో వంతు కూడా లేవదని ముందే తెలిసిపోతే ఈ దారి మీకు కాదు. కౌన్సిలర్ వార్డు నిధి ఉంది, ఏడాదికి 3 కోట్ల ఎమ్మెల్యే నియోజకవర్గ నిధి ఉంది. వాటికి చందా అక్కర్లేదు. అయితే ఏ రాయి వేస్తారో, ఎప్పుడు వేస్తారో అడిగే చనువు కూడా ఉండదు. మూడో వంతు కట్టినవాడు ఏఈ, అంటే వార్డు అసిస్టెంట్ ఇంజినీరు గదిలో కుర్చీ లాక్కుని కూర్చోగలడు. ఈ పథకాన్ని ఎంచుకోవడానికి అసలు కారణం అదే.

మీరు ఎవరి పరిధిలో ఉన్నారు?

ఇది ఐదు నిమిషాల పని. గ్రేటర్ చెన్నై కార్పొరేషన్‌లో మండలాలు, వాటి కింద 200 వార్డులు ఉంటాయి. ఇక్కడ మండలం అంటే జోన్. నెల్లూరు నుంచో చిత్తూరు నుంచో వచ్చినవాళ్ళు మండలాఫీసు అనగానే తాలూకా ఆఫీసుకు వెళ్ళిపోతారు, అది వేరు. పెరంబూరు, అయనావరం, సాలిగ్రామం, కొరుక్కుపేట అన్నీ గ్రేటర్ చెన్నైలోనివే. పల్లావరం తాంబరం కార్పొరేషన్‌లోకి వస్తుంది, ఆవడిది దాని సొంత కార్పొరేషన్. ఆస్తిపన్ను రశీదు మీద మండలం, వార్డు నంబర్లు ఉంటాయి. చూసి రాసుకోండి.

ఏ పని అడగాలి?

మొదటిసారి అయితే పార్కు గానీ, కార్పొరేషన్ బడిలో ఏదైనా పని గానీ అడగండి. ఇంకేదీ వద్దు. రోడ్డు అడిగితే కింద మెట్రో వాటర్ (చెన్నై నీటి బోర్డు) పైపు, పక్కన కరెంటు కేబులు, పైన ఇంకో శాఖ. ఒకరు పూడ్చినచోట ఇంకొకరు తవ్వుతారు. కుంట బాగుచేయాలన్న కోరిక మంచిదే, కానీ ఆ నీరు ఏ శాఖదో తేలేలోపు రెండు వానాకాలాలు గడుస్తాయి. సీసీ కెమెరాలు అందరికీ ముద్దే, మూడో ఏడు వాటిని బాగుచేయించే నాథుడు ఉండడు. పార్కుకు గోడ ఉంటుంది, హద్దు ఉంటుంది, యజమాని ఒకరే ఉంటారు.

గుడి ఆవరణ, అపార్టుమెంటు కాంపౌండు లోపలి పని, గేటు వేసుకున్న కాలనీ సొంత రోడ్డు, వీటి జోలికి పోవద్దు. పదిమందికీ తలుపు తెరిచి ఉన్న చోటే ప్రజాధనం పెడతారు.

స్థలం కాగితాలు

పార్కు అని బోర్డు ఉన్నంత మాత్రాన అది కార్పొరేషన్‌ది కాదు. చెన్నై లేఅవుట్లలో 3,000 చదరపు మీటర్లు దాటితే పదో వంతు ఖాళీ స్థలంగా వదలాలన్న నిబంధన ఉంది. దీన్నే అందరూ ఓఎస్ఆర్ స్థలం అంటారు. లేఅవుట్ వేసినవాళ్ళు ఆ స్థలాన్ని దానపత్రం రాసి స్థానిక సంస్థకు అప్పగించాలి. కాగితం మీద పార్కు అని ఉండి, దానపత్రం రిజిస్టరు కాని స్థలాలు ఉంటాయి. అలాంటి చోట ఒక్క రూపాయి కూడా మంజూరు కాదు. పైగా లేఅవుట్ యజమాని మనవడు ఒకరోజు వచ్చి మీరు వేసిన బెంచీ మీదే కూర్చుని ఈ స్థలం మాది అంటాడు.

చూడాల్సినవి మూడు. తాలూకా ఆఫీసులో టౌన్ సర్వే రిజిస్టరు నకలు, దానిలో స్థలం ఎవరి పేరిట ఉందో ఉంటుంది. రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైట్‌లో ఈసీ, స్థలం మీద రిజిస్టరైన లావాదేవీలు చూపే కాగితం, ఇక్కడి మాటలో విల్లంగం. మూడోది లేఅవుట్ ప్లాను. ఈ మూడింటిలోనూ సర్వే నంబరు ఒకటే ఉండాలి. రిజిస్టరులో 'పోరంబోకు' అని కనిపిస్తే ఏ రకం పోరంబోకో చదవండి. వాగు పోరంబోకు అయితే ఆ పని వదిలేసి వేరే స్థలం చూసుకోండి.

సంఘం, ఖాతా

1975 నాటి తమిళనాడు సొసైటీల చట్టం కింద రిజిస్టరైన సంఘం ఉంటే మంచిది. లేకపోతే ఏడుగురు కలిసి రిజిస్టరు చేయించుకోవచ్చు. సంఘం పేరిట పాన్, సంఘం పేరిట బ్యాంకు ఖాతా, ఇద్దరి సంతకాలతో చెక్కు, ఇవి ఉండాలి. కోశాధికారి సొంత ఫోన్ నంబరుకు యూపీఐ వేయించుకునే సంఘంలో ఎంత నిజాయతీపరుడైనా మూడో నెలకు దొంగ అనిపించుకుంటాడు. కంపెనీ సీఎస్‌ఆర్ (సామాజిక బాధ్యత కింద పెట్టే) డబ్బు సంఘం ద్వారా రావాలంటే 2021 ఏప్రిల్ నుంచి సీఎస్‌ఆర్-1 రిజిస్ట్రేషన్ తప్పనిసరి. అది మీకు లేకపోతే ఆ ఆలోచన మానుకోండి, లేదా కంపెనీ తన వాటాను తానే నేరుగా ఆఫీసులో కట్టగలదేమో వాళ్ళ ఆడిటరును అడగమనండి.

అర్జీ

తమిళంలోనే రాయండి. తరతరాలుగా చెన్నైలో ఉంటూ తమిళం గడగడా మాట్లాడే తెలుగువాళ్ళలో రాయడం రానివాళ్ళు చాలామంది. అందులో సిగ్గుపడాల్సిందేమీ లేదు, ఇంట్లో బడికెళ్ళే పిల్ల చేత రాయించండి. ఇంగ్లీషులో ఇస్తే తీసుకుంటారు, కానీ ఫైల్లోకి వెళ్ళేముందు ఎవరో ఒకరు దాన్ని తమిళంలోకి తిప్పుతారు. అక్కడే 'నడకదారి' కాస్తా 'రోడ్డు'గా మారిపోయి వేరే శాఖకు వెళ్ళిపోతుంది.

ఒక్క పేజీ చాలు. పని పేరు, వార్డు, సర్వే నంబరు, మూడో వంతు కట్టడానికి సిద్ధమన్న మాట, సంఘం తీర్మానం నకలు. రెండు కాపీలు తీసుకెళ్ళి ఒకదాని మీద తేదీతో ముద్ర వేయించుకోండి. పని పేరు మొదటిరోజు ఎలా రాశారో చివరి బిల్లు దాకా అక్షరం తేడా లేకుండా అలాగే ఉండాలి. ఒకచోట 'పూంగా మేంబాటు' (పార్కు అభివృద్ధి), ఇంకోచోట 'నడైపాదై అమైత్తల్' (నడకదారి వేయడం) అని ఉంటే ఆడిటువాళ్ళకు అవి రెండు పనులు.

కౌన్సిలర్‌కు చెప్పకుండా పైకి వెళ్ళొద్దు. వాళ్ళకు అడ్డుపడే తీరిక ఉండకపోవచ్చు, అలగడానికి మాత్రం ఉంటుంది. ఏరియా సభలో, అంటే వార్డులో ఆ ప్రాంతంవాళ్ళ సమావేశంలో, ఈ పని గురించి తీర్మానం చేయిస్తే ఇంకా గట్టిది. జనవరి 25, ఏప్రిల్ 14, సెప్టెంబర్ 15, డిసెంబర్ 10, ఈ నాలుగు తేదీలు ఆ సభలకు పెట్టినవి. డిసెంబర్ 10 సభలో తీర్మానం, జనవరిలో అర్జీ, మార్చిలోపు ఎస్టిమేటు, మే నుంచి పని. ఇదే సరైన క్యాలెండరు. జూన్‌లో మొదలుపెట్టేవాళ్ళకు టెండరు పూర్తయ్యేసరికి ఈశాన్య రుతుపవనాలు వచ్చి తలుపు కొడతాయి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా చెన్నైలో తవ్విన గొయ్యి అంటే నీళ్ళగుంటే. ఎన్నికల నియమావళి అమల్లో ఉన్నప్పుడు కొత్త మంజూర్లు ఉండవు, అది కూడా చూసుకోండి.

ఎస్టిమేటు: ఇక్కడ నిదానించండి

ఇంతవరకు చెప్పిందంతా ఎవరైనా చేయగలరు. ఎస్టిమేటు దగ్గరే పనులు చెడతాయి. అంకె పెద్దదైనందుకు కాదు, అంకె ఎక్కణ్ణుంచి వచ్చిందో ఎవరూ చూడనందుకు.

మొదట వదిలించుకోవాల్సింది 'తెలిసిన కాంట్రాక్టరు' లెక్క. ప్రతి వీధిలోనూ ఎవరో ఒకరి బావమరిది కాంట్రాక్టరు ఉంటాడు. ఆయన పార్కు చుట్టూ ఒకసారి తిరిగి, గడ్డం గోక్కుని "ఎనిమిది లక్షల్లో అయిపోతుందండీ" అంటాడు. ఆయన చెప్పింది బజారు ధర. సర్కారు ఎస్టిమేటు బజారు ధరతో వేయరు. ఏటా వచ్చే రేట్ల పట్టిక, అంటే షెడ్యూల్ ఆఫ్ రేట్స్ ప్రకారం వేస్తారు. దాన్ని ఆఫీసులో ఎస్ఓఆర్ అంటారు. అందులో ఒక పని బజారు కంటే తక్కువుంటుంది, ఇంకొకటి ఎక్కువుంటుంది. బావమరిది అంకెను మూడుతో భాగించి చందా నిర్ణయించడం కంటే పెద్ద తప్పు ఈ పథకంలో లేదు.

వార్డు ఏఈ కొలతలకు వచ్చేరోజు సంఘం నుంచి ముగ్గురు అక్కడ ఉండండి. ముప్ఫైమంది వద్దు. ఒకరు టేపు పట్టాలి, ఒకరు రాసుకోవాలి, మూడోవారు దారిన పోతూ సలహాలు చెప్పేవాళ్ళను ఆపాలి. ముందురోజే మీరు సొంతంగా కొలిచి గీసుకున్న చిత్తుపటం చేతిలో ఉండాలి. ఏఈకి మీ వార్డులో ఇంకా డజను పనులుంటాయి. మీ దగ్గర కొలతలు సిద్ధంగా ఉంటే ఆయన సరిచూసుకుంటాడు. లేకపోతే కంటికి తోచింది రాసుకుని వెళ్తాడు.

ఒక లెక్క చూద్దాం. పార్కులో నడకదారి పొడవు 120 మీటర్లు, వెడల్పు మీటరున్నర. అంటే 180 చదరపు మీటర్లు. మనవాళ్ళకు చదరపు అడుగులే తలకెక్కుతాయి, 180 చదరపు మీటర్లు అంటే సుమారు 1,937 చదరపు అడుగులు. ఈ రెండు కొలతలూ కలిపేసి మాట్లాడితే లెక్క పదిరెట్లు తప్పుతుంది. ఎస్టిమేటులో ఉండేది మీటర్లే కాబట్టి సమావేశాల్లోనూ మీటర్లే మాట్లాడండి.

ఇక ఆ దారిలో ఏమేమి ఉండాలో చూడండి. 'పేవర్ బ్లాకులు 180 చదరపు మీటర్లు' అని ఒక్క వరుస ఉంటే ఆ ఎస్టిమేటు తిప్పి ఇచ్చేయండి. పాత సిమెంటు పలకలు పగలగొట్టడం ఒక ఐటం, ఆ చెత్త లారీలో తరలించడం ఇంకో ఐటం. ఇది రాయకపోతే కాంట్రాక్టరు ఆ రాళ్ళన్నీ పార్కు మూలన కుప్ప పోసి వెళ్ళిపోతాడు, అడిగితే ఎస్టిమేటులో లేదంటాడు. అతను చెప్పేది నిజమే కాబట్టి మీకు నోరు పెగలదు. తవ్వకం, నేల దిమ్మిస కొట్టడం, కంకర పొర, ఇసుక పొర, ఆపైన బ్లాకులు. రెండు అంచులా కెర్బు రాళ్ళు, అవి 240 మీటర్లు. ఎస్టిమేటు తగ్గించాలనుకున్నప్పుడు మొట్టమొదట ఎగిరిపోయేది ఈ కెర్బే, అది పోతే దారంతా పోయినట్టే. అంచు పట్టు లేని బ్లాకులు ఒక్క వానాకాలంలో పక్కకు జరుగుతాయి, మధ్యలో సందులు పడతాయి, ఆ సందుల్లోంచి ఇసుక కొట్టుకుపోతుంది. డబ్బు తక్కువైతే దారి పొడవు తగ్గించండి, కెర్బు మాత్రం తీయనివ్వకండి.

బ్లాకు మందం రాయించండి. భారత ప్రమాణం ఐఎస్ 15658 ప్రకారం మనుషులు మాత్రమే నడిచే చోట 50 మిల్లీమీటర్ల మందం, ఎం-30 కాంక్రీటు సరిపోతుంది (ఎం పక్కన అంకె పెరిగితే గట్టిదనం ఎక్కువ). అయినా 60 మిల్లీమీటర్లు, ఎం-35 వేయించండి. పార్కులోకి ఏ బండీ రాదని అందరూ అంటారు. చెట్లకొమ్మలు ఎత్తడానికి ట్రాక్టరు వస్తుంది, వేసవిలో నీళ్ళ ట్యాంకరు వస్తుంది. మందం రాయకుండా వదిలేస్తే ఏది చవకో అదే వస్తుంది.

నీరు ఎటు పోతుందో అడగండి. నడకదారికి అడ్డంగా యాభైకి ఒకటి వాలు ఉంటే మీటరున్నర వెడల్పులో మూడు సెంటీమీటర్ల తేడా వస్తుంది. కంటికి కనిపించదు, నీళ్ళకు తెలుస్తుంది. ఆ వాలు మట్టి వైపు, చెట్ల మొదళ్ళ వైపు ఉండాలి, గోడ వైపు కాదు. పార్కునంతా బ్లాకులతో కప్పేయమనే పెద్దమనిషి ప్రతి కమిటీలోనూ ఒకరుంటారు. కాలికి మట్టి అంటదని ఆయన వాదన. ఆ పార్కులో వాన నీరు ఇంకదు, వేసవిలో సాయంత్రం ఏడింటికి కూడా నేల సెగలు కక్కుతుంది. దారి తప్ప మిగతాది మట్టిగా ఉండాల్సిందే, దీనిమీద బేరాల్లేవు. దారికి అడ్డొస్తోందని చెట్టు కొట్టాలంటే జిల్లా హరిత కమిటీ అనుమతి కావాలి. అంతకంటే దారినే వంచి గీయించడం తేలిక, అందంగానూ ఉంటుంది.

దీపాలు ఉంటే మరో చిక్కు. స్తంభాలు, తీగలు, దీపాలు ఎస్టిమేటులో ఉంటాయి. కరెంటు బోర్డుకు కట్టాల్సిన డిపాజిట్టు, కొత్త సర్వీసు ఖర్చు చాలాసార్లు ఉండవు. ప్రారంభోత్సవానికి జనరేటరు తెచ్చి వెలిగిస్తారు, మర్నాటి నుంచి స్తంభాల మీద కాకులు వాలుతాయి. సర్వీసు ఎవరి పేరిట, నెలనెలా బిల్లు ఎవరు కడతారు, ఈ రెండూ ఎస్టిమేటు దశలోనే కాగితం మీదికి రావాలి. సర్వీసు కార్పొరేషన్ పేరిటే ఉండాలి. సంఘం పేరిట తీసుకుంటే ఆ బిల్లు మీ పిల్లల తరానికి కూడా తప్పదు.

ఇప్పుడు అంకెల దగ్గరికి వద్దాం. పనుల విలువ 10 లక్షలు తేలిందనుకోండి. అందరూ దీన్నే మూడుతో భాగించి 3,33,333 అంటారు. అది తప్పు. దీనిమీద జీఎస్టీ 18 శాతం, అంటే 1,80,000. కార్మిక సంక్షేమ నిధి 1 శాతం, అంటే 10,000. అనుకోని ఖర్చులకు, చిల్లర ఖర్చులకు ఆఫీసు కలిపే మొత్తం, అది ఓ 17,400 అనుకుందాం. అన్నీ కలిపితే 12,07,400. దీనిలో మూడో వంతు 4,02,467. మొదట అనుకున్నదానికీ దీనికీ తేడా 69 వేల పైచిలుకు. 80 ఇళ్ళ వీధిలో ఇంటికి 860 రూపాయలు ఎక్కువ. ఈ 860 కోసమే రెండోసారి తలుపులు కొట్టాల్సి వస్తుంది, ఆ రెండోసారి తెరవని తలుపులే ఎక్కువ.

రూపాయి తక్కువైనా మూడో వంతు కాదు. 4,02,467 అయితే 4,02,500 కట్టండి. చిల్లర దగ్గర పొదుపు చూపిస్తే ఫైలు తిరిగొస్తుంది.

నోటిమాట ఎస్టిమేటును నమ్మొద్దు. "సార్, సుమారుగా ఎంత అవుతుంది?" అని అడిగితే ఏఈ ఏదో ఒక అంకె చెప్తాడు, మర్యాదకు. అది ఎస్టిమేటు కాదు. వివరమైన పట్టిక, దాని మీద సంతకం, నంబరు, తేదీ, సాంకేతిక మంజూరు, ఆపైన పాలనాపరమైన మంజూరు, ఇవన్నీ ఉన్న నకలు మీ చేతిలో ఉండాలి. ఇవ్వడానికి వెనకాడితే సమాచార హక్కు అర్జీ పెట్టండి. 10 రూపాయల కోర్టు ఫీజు స్టాంపు అంటిస్తే చాలు, 30 రోజుల్లో జవాబు రావాలి. అయితే మొదటిరోజే ఆ ఆయుధం తీయొద్దు. ముందు రెండుసార్లు మర్యాదగా వెళ్ళండి, మూడోసారి స్టాంపు కొనండి.

ఎస్టిమేటుకు ఆయుష్షు ఉంటుంది. రేట్ల పట్టిక మారితే పాత ఎస్టిమేటు సవరించాలి, దాంతోపాటు మీ మూడో వంతూ మారుతుంది. మంజూరు వచ్చాక చందాలకు ఆరునెలలు పడితే మొదటికొచ్చినట్టే. రెండు నెలల్లో కట్టేయాలి.

డబ్బు చాలకపోతే పనిని విడగొట్టవచ్చా? దశలుగా చేయవచ్చు, ముక్కలుగా చేయకూడదు. తేడా ఏమిటంటే, మొదటి దశ పూర్తయ్యాక రెండోది ఎప్పటికీ రాకపోయినా పార్కు వాడుకునేలా ఉండాలి. ఈ ఏడు దారి, గేటు. వచ్చే ఏడు దీపాలు. అంతేగానీ టెండరు తప్పించుకోవడానికి ఒకే దారిని నాలుగు చిన్న పనులుగా చూపిస్తే ఆడిట్ అభ్యంతరం వస్తుంది, బిల్లులన్నీ ఆగుతాయి.

ఇప్పుడు తాళం తీయండి

అర్జీ పెట్టినప్పుడే ఒక మాట పుస్తకం తయారుచేసుకోండి. డబ్బు తీసుకోకుండా ఇంటింటా ఎంతవరకు ఇవ్వగలరో రాయించి సంతకం పెట్టించుకునే పుస్తకం అది. "ముందు పని మొదలెట్టండి బాబూ, మేం ఎక్కడికి పోతాం" అనేవాళ్ళ పేర్లు అందులో వద్దు. వాళ్ళు నిజంగానే ఎక్కడికీ పోరు, డబ్బూ ఇవ్వరు. మాట పుస్తకంలో మొత్తం మీ అంచనా వాటాకు ఒకటిన్నర రెట్లు ఉంటే ముందుకు వెళ్ళండి. ఎస్టిమేటు వచ్చాక ఆ పుస్తకం ముందు పెట్టుకుని ఇంటికింతని తేల్చి ఒక్కసారే వసూలు చేయండి. అపార్టుమెంటు సంఘాలను ఒక్క చెక్కు అడగండి, ఫ్లాటు ఫ్లాటుకూ మెట్లెక్కొద్దు. అవసరమైనదానికి పదో వంతు ఎక్కువ పోగేయండి. టెండరు ఎస్టిమేటుకు మించి వస్తే ఆ తేడా ఎవరు భరించాలనే ప్రశ్న వెంటనే వస్తుంది. మిగిలితే నిర్వహణకు ఉంటుంది.

డీడీ ఎవరి పేరిట తీయాలో ఆఫీసు లేఖలో ఉన్న అక్షరాలు ఉన్నట్టే రాయించండి. లేఖ లేకుండా డీడీ తీయొద్దు. డబ్బు నగదుగా ఎవరి చేతికీ ఇవ్వొద్దు, ఎంత దగ్గరివాళ్ళు అడిగినా.

దాతల పేర్ల పలక గురించి కూడా డీడీ కట్టకముందే తేల్చుకోండి. ఎవరి పేరు పైన, ఎవరిది కింద అన్న గొడవతో గ్రానైటు పలక గోడకు ఎక్కక ఇసుకకుప్ప మీదే ఉండిపోతుంది. అక్షరక్రమంలో వేయండి, లేదా అసలు వేయొద్దు. వేయకపోవడమే మేలు.

టెండరా, మనమే చేసుకోవాలా?

ప్రజల వాటా సగం, అంతకుమించి ఉంటే పని సొంతంగా గానీ, మీకు నచ్చిన ఏజెన్సీ చేత గానీ చేయించుకునే వీలుంది. వినగానే అందరికీ ఉత్సాహం వస్తుంది. వద్దు. సంఘంలో సివిల్ ఇంజినీరు ఉండి, ఆయన రోజూ పని దగ్గర నిలబడగలిగితే తప్ప ఆ దారి పట్టొద్దు. కొలతలు ఎం-బుక్కులోకి, అంటే ఇంజినీరు రాసే కొలతల పుస్తకంలోకి ఎక్కితేనే సర్కారు వాటా బిల్లవుతుంది. అప్పటిదాకా కూలీ డబ్బు, సిమెంటు డబ్బు మీ జేబులోంచి పోతాయి. కూలీకి దెబ్బ తగిలితే బాధ్యత మీదే.

టెండరుకు వదిలేస్తే తమిళనాడు టెండర్ల చట్టం ప్రకారం నడుస్తుంది. 2 కోట్ల లోపు పనికి కనీసం 15 రోజుల గడువు ఇవ్వాలి. ఆ సమయంలో మీరు చేయగలిగింది ఏమీ లేదు, విశ్రాంతి తీసుకోండి. మీకు తెలిసిన కాంట్రాక్టరుకు ఇప్పించే ప్రయత్నం మాత్రం వద్దు. వచ్చినవాడు బంధువైతే పని బాగాలేదని చెప్పే నోరు మీకే ఉండదు.

పని జరిగేటప్పుడు

ఎస్టిమేటు నకలు ప్లాస్టిక్ కవరులో పెట్టి రోజూ ఒకరు పార్కుకు వెళ్ళండి. కాంట్రాక్టరుతో వాదించొద్దు, మేస్త్రీకి హుకుంలు వేయొద్దు. చూసింది ఫోటో తీసి, తేదీతో ఏఈకి పంపండి. మరీ జాగ్రత్తగా చూడాల్సిన రోజులు రెండు. ఒకటి, బ్లాకులు పరచడానికి ముందురోజు: కింద కంకర పొర ఉందా, దిమ్మిస కొట్టారా. బ్లాకులు పడ్డాక కింద ఏముందో దేవుడికే తెలియాలి. రెండోది, బ్లాకుల లోడు వచ్చినరోజు: ఓ బ్లాకు తీసి స్కేలుతో మందం కొలవండి. 50 మిల్లీమీటర్ల సరుకు వస్తే లోడు దింపకముందే ఫోన్ చేయండి, దింపాక ఎవరూ తిరిగి ఎక్కించరు.

ఇంకో చిన్న సంగతి. బ్లాకుల సందుల్లో సన్న ఇసుక నింపి ఊడ్చే పని చివరిరోజు సాయంత్రం హడావుడిగా చేసి వెళ్ళిపోతారు. వారం తర్వాత రెండోసారి నింపాలి. దానికి వాళ్ళు రారు, ఆ ఇసుక రెండు బస్తాలు మీరే అట్టిపెట్టుకుని నింపుకోండి.

తుది కొలతలు ఎం-బుక్కులోకి ఎక్కేరోజు మళ్ళీ ఆ ముగ్గురే అక్కడ ఉండాలి. కెర్బు 240 మీటర్లు ఉందా అన్నది టేపుతో చూడండి. టెండరు షరతుల్లో లోపాల బాధ్యత గడువు, అంటే పనిలో లోపాలను కాంట్రాక్టరే సరిచేయాల్సిన గడువు ఎంతో అడిగి, ఆ చివరి తేదీని పార్కు రిజిస్టరు మొదటి పేజీలో ఎర్రసిరాతో రాసిపెట్టండి. దానికి నెలరోజుల ముందు ఒకసారి దారంతా నడిచి, కుంగిన చోట్లు ఫోటోలు తీసి, ముద్ర వేయించుకున్న అర్జీతో ఇవ్వండి. గేటు తాళంచెవి ఒకటి కార్పొరేషన్ కాపలాదారు దగ్గర, ఒకటి సంఘం దగ్గర ఉండాలి. మూడోది చేయించొద్దు.